చచ్చిన తర్వాత అర నిమిషం

"వాడు హ్యాకరు! నూటికి నూరు పాళ్ళు హ్యాకరు!"

హిందూపురంలో మా అక్క వాళ్ళ మిద్దె మీదినుంచి రాత్రి తొమ్మిదిన్నరకు వినబడిన కేక ఇది. కింద వసారాలో మా అమ్మ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది: "ఆ హ్యాకరు అనేవాడు ఎవురప్పా? దినామూ మన పిల్లోని మీదనే ఎందుకు పడ్తాండాడు?"

మా మేనల్లుడికి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం. పబ్జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐ ఆడతాడు. ఆ రాత్రి నేను మిద్దె ఎక్కి వాడి పక్కన చాప మీద కూర్చున్నాను. పదకొండు లోపల ఏడుసార్లు చచ్చాడు. ఆరుసార్లు హ్యాకరు చంపాడట, ఒకసారి నెట్ చంపిందట. ఆట అయ్యాక ఏడు చావులనూ డెత్ రీప్లేలో ఒక్కొక్కటిగా చూద్దామన్నాను. వాడికి ఇష్టం లేదు. ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాల్సి వచ్చింది.

చూశాం. రెండుసార్లు వీడు చెక్క మెట్ల మీద దబదబ పరుగెత్తాడు, కింద ఉన్నవాడు చప్పుడు విని కాచుకున్నాడు. ఒకసారి బయట మైదానంలో పెట్టె ముందు కూర్చుని తీరిగ్గా లూట్ ఏరుకుంటున్నాడు. ఒకసారి తుపాకీలో గుండ్లు నింపుకుంటూ తలుపు దాటాడు. ఒకసారి కొండ మీది స్నైపర్. ఒకసారి నిజంగానే నెట్. ఏడోది చూసినప్పుడు మాత్రం నాకూ అనుమానం వచ్చింది. ఎదుటివాడి తుపాకీ గుండ్రాయి వెనక ఉన్న వీడి తల మీద అంటించినట్టు ఆగి, వీడు ఎటు కదిలితే అటు జరుగుతోంది.

ఏడు చావుల్లో ఒకటి. ఈ అధ్యాయం ఆ ఒక్కదాని గురించీ, మిగిలిన ఆరింటి గురించీ. ఎక్కువగా ఆరింటి గురించే.

ఈ పుస్తకంలో మిగతా చోట్ల ‘మీరు’ అన్నాను. ఇక్కడ ‘నువ్వు’ అంటాను. తుపాకీ ఆటలాడే పిల్లలతో ‘మీరు’ అంటే లెక్చరర్ అనుకుని మైకు మూసేస్తారు.

నేను చెప్పదలచింది ఇంతే: ఆన్‌లైన్ ఆటలో మనిషి చెడిపోయేది ఆడుతున్నప్పుడు కాదు, చచ్చిన తర్వాత అర నిమిషంలో. బూతు నోటికి వచ్చేది అప్పుడు. ‘అందరం కలిసి వాణ్ణి రిపోర్ట్ కొడదాం రా’ అనేది అప్పుడు. స్క్వాడ్‌లో ముగ్గురిని వదిలేసి బయటికి పోయేది అప్పుడు. ‘వాడు హ్యాక్ వాడితే నేనెందుకు వాడకూడదు’ అని టెలిగ్రామ్ తెరిచేదీ అప్పుడే. బతికున్నంతసేపూ నువ్వు బంగారం. చచ్చాక ఆ అర నిమిషం నీ చేతిలో ఉంటే తక్కిన ఆటంతా దానికదే చక్కబడుతుంది.

తొండికి ముఖం ఉన్న రోజులు

ఆటలో మోసానికి మన దగ్గర మంచి మాట ఉంది: తొండి. చీటింగ్ అనే మాట పరీక్షలకూ, చిట్టీలకూ, పెళ్ళి సంబంధాలకూ అన్నిటికీ చెల్లుతుంది. తొండి మాత్రం ఒక్క ఆటకే. గోళీలాటలో జాన కొలిచేటప్పుడు వేలు సాగదీస్తే తొండి. దాగుడుమూతల్లో వేళ్ళ సందులోంచి చూస్తే తొండి. తొండి చేసినవాణ్ణి ఎవరూ కొట్టరు. "తొండోడివి, నీతో ఆడం పో" అంటారు. మర్నాడు మళ్ళీ రానిస్తారు గానీ, వాడు జాన పెట్టినప్పుడల్లా నాలుగు జతల కళ్ళు ఆ వేలి మీదే ఉంటాయి.

2004 ప్రాంతంలో మా ఊళ్ళో ఒక నెట్ సెంటర్‌లో ఆరు కంప్యూటర్లు వైరుతో కలిపి కౌంటర్ స్ట్రైక్ ఆడించేవాళ్ళు. 1.6 వెర్షన్, డస్ట్ టూ మ్యాపు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. నాకు గురి రాదు. అందుకని నీళ్ళు తాగే వంకతో లేచి, అటువైపు వాళ్ళ తెరలు ఓరకంట చూసి వచ్చి మావాళ్ళకు సైగ చేసేవాణ్ణి. ఇప్పుడు వాల్‌హ్యాక్ అంటున్నారే, అదే పని నేను స్టీలు గ్లాసుతో చేశాను. మూడోసారి నెట్ సెంటర్ అన్న చూశాడు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నన్ను గోడవైపు మూలలో కూర్చోబెట్టి, పక్కన నీళ్ళ బాటిల్ పెట్టాడు. మూడు నెలలు నా పేరు ‘దప్పికోడు’. ఎవరో నీతి చెబితే నేను మారలేదు. ఆ పేరు మార్చింది.

ఇప్పటి ఆటలో ఆ పేరు పెట్టేవాళ్ళు లేరు. ఎరాంగెల్ మ్యాపులో నీతోపాటు దిగిన దాదాపు వందమందిని రేపు నువ్వు చూడవు, వాళ్ళు నిన్ను చూడరు. ఊళ్ళో తొండికి కట్టాల్సిన వెల ఇక్కడ ఎవరూ వసూలు చేయరు. తిట్టినవాడికీ అంతే, ఐడీ మార్చుకుంటే పుట్టు వెంట్రుకలు తీసేసినట్టే.

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు. ఒంటరిగా ఆడే ఆటలో చీట్ కోడ్ కొడితే అది తొండి కాదు. జీటీఏ వైస్ సిటీలో ట్యాంకు తెప్పించుకోని పిల్లవాడు మా తరంలో ఉన్నాడంటే నమ్మను. ఎదుట మరో మనిషి కూర్చున్నప్పుడే తొండి మొదలవుతుంది.

ఎవడు హ్యాకరు, ఎవడు కాడు

ముందు నిజం తొండి ఎలా పనిచేస్తుందో తెలుసుకో. నీ ఫోన్ చుట్టుపక్కల ఉన్న ఆటగాళ్ళను గీసి చూపాలంటే వాళ్ళు ఎక్కడున్నారో సర్వర్ దానికి ముందే చెప్పాలి. గోడ వెనక ఉన్నవాడి జాడ కూడా చాలాసార్లు నీ ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. ఆట దాన్ని నీకు చూపదు, అంతే. ఆ సమాచారాన్ని దొంగచాటుగా చదివి తెర మీద గీతలుగా గీసేదే వాల్‌హ్యాక్. కుర్రాళ్ళు ఈఎస్‌పీ అంటారు. తుపాకీని తలవైపు దానికదే తిప్పేది ఎయిమ్‌బాట్. కాల్చినప్పుడు తుపాకీ ఎగరకుండా ఆటలోని ఫైళ్ళను మార్చేది నో రీకాయిల్. ఇవి ఉన్నాయి, నిజమే. లేవని ఎవరైనా అంటే నవ్వు.

అయితే హ్యాకులా కనబడేవి ఇంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి. "మామా, నేను గోడ వెనక్కి వచ్చేసినాక కొట్నాడు!" అని మావాడు రోజూ అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. ఎదుటివాడి ఫోన్‌లో వీడు ఇంకా గోడ బయటే ఉన్నాడు. వీడు దాక్కున్న కబురు వీడి ఫోన్ నుంచి సర్వర్‌కు, సర్వర్ నుంచి వాడి ఫోన్‌కు చేరేలోగా వాడు కాల్చేశాడు. తుపాకీ ఆటలు చాలావరకు కాల్చినవాడు చూసినదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. పింగ్, అంటే కబురు పోయి వచ్చే సమయం, 150 మిల్లీసెకన్లు ఉందంటే సెకనులో ఏడో వంతు పోయినట్టే. కంటికి కనబడినదానికి వేలు కదలడానికి మనిషికి పట్టేదే సుమారు పావు సెకను.

ఇంకో రహస్యం. మూల తిరిగి వచ్చేవాడికి, కదలకుండా మూలను కాచేవాడికంటే లాభం ఎక్కువ. వాడు తిరిగిన కబురు నీకు చేరేలోగా నువ్వు వాడి తెర మీద ఉంటావు. నువ్వేమో వాణ్ణి ఇంకా చూడలేదు. దీన్ని తెలిసి వాడుకునేవాణ్ణి హ్యాకరు అంటే వాడికి బిరుదు ఇచ్చినట్టే.

అన్నిటికంటే పెద్ద ‘హ్యాకు’ చెవిలో పెట్టుకునే వైరు. మంచి ఇయర్‌ఫోన్ ఉన్నవాడికి నీ అడుగులు ఎటునుంచి వస్తున్నాయో, చెక్క మీదా గడ్డి మీదా, పైనా కిందా అన్నీ తెలుస్తాయి. నువ్వు ఫోన్ స్పీకర్‌తో, కింద టీవీలో సీరియల్ మోగుతుండగా ఆడుతున్నావు.

తొందరపడి చెప్పిన తీర్పుకు మా దగ్గర ఒక పాత కథ ఉంది. ధర్మవరం నుంచి హిందూపురం పోయే రైలు పెనుకొండ దాటేటప్పుడు కిటికీలోంచి కొండా, కోట గోడలూ కనబడతాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం రాజులు రాజధానిని తెచ్చుకున్న ఊరు. అక్కడ ఒక కట్టడాన్ని తిమ్మరుసు సమాధి అని చూపిస్తారు. శ్రీకృష్ణదేవరాయలు ‘అప్పాజీ’ అని పిలుచుకున్న మంత్రి. రాయల కొడుకు చనిపోతే విషం పెట్టించారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడిందనీ, రాజు ఆయన కళ్ళు తీయించాడనీ పోర్చుగీసు వాడైన నూనిజ్ రాసిపెట్టాడు. విషం సంగతి నిజమో కాదో ఈనాటికీ చరిత్రకారులు తగాదా పడుతూనే ఉన్నారు. మా ప్రాంతంలో ఎవరినడిగినా మాత్రం పాపం తిమ్మరుసు అంటారు, పాపం రాజు అనరు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న మనిషి తీర్పు చెప్పాడు. రుజువు చూసే ఓపిక ఆ పూట ఎవరికుంటుంది? ఆటలో చావు అంత పెద్దది కాదు, ఒప్పుకుంటాను. కానీ చచ్చిన అర నిమిషంలో నువ్వు కూడా తీర్పు చెప్పే స్థితిలో ఉండవు.

‘హ్యాకరు’ అన్న మాట నీకు చేసే అసలు నష్టం ఇది. ఆ మాట అన్న క్షణాన నేర్చుకోవడం ఆగిపోతుంది. వాడు హ్యాకరైతే నువ్వు తప్పేమీ చేయలేదు. తప్పేమీ చేయకపోతే మార్చుకునేదేమీ లేదు. ఏడాది తర్వాత కూడా అవే చెక్క మెట్ల మీద దబదబమంటూ ఎక్కుతావు.

నాన్న ఫోన్

ఇప్పుడు ఆ ఏడోవాడి సంగతి.

పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న మన దేశంలో నిషేధించారు. 2021 జూలైలో అది బీజీఎంఐగా తిరిగి వచ్చింది. 2022 జూలైలో స్టోర్ల నుంచి మళ్ళీ మాయమై, 2023 మేలో మళ్ళీ వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు రోజుకు మూడు గంటలే అని గడి పెట్టారు. మా వీధి పిల్లలంతా ఆ రోజే వాళ్ళ అమ్మల పుట్టినతేదీలు బట్టీ పట్టారు. మొదటి తొండి విమానంలోంచి దూకకముందే జరిగిపోయిందన్నమాట.

హ్యాకు అమ్మేవాడు టెలిగ్రామ్‌లో ఉంటాడు. ‘యాంటీ బ్యాన్, వీఐపీ కీ, వారానికి ఇంత, నెలకు ఇంత’ అని పెడతాడు. ఆటలో వాడికి పట్టింపు లేదు, వాడిది వ్యాపారం. ఎంత వ్యాపారమంటే, 2021 మార్చిలో చైనా పోలీసులు ఒక చీట్ల ముఠాను పట్టుకున్నప్పుడు 4 కోట్ల 60 లక్షల డాలర్ల ఆస్తి, ఖరీదైన కార్లు దొరికాయి. బీజీఎంఐ తెచ్చిన కంపెనీది దక్షిణ కొరియా. అక్కడ చీట్లు తయారుచేసి పంచితే ఐదేళ్ళ దాకా జైలు పడేలా 2016లోనే చట్టం మార్చారు.

వాడు పంపే ఏపీకే ఫైలును దింపుకునేది ఎవరి ఫోన్‌లో? చాలా ఇళ్ళలో నాన్న ఫోన్‌లోనే. అందులోనే ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు ఓటీపీలు వస్తాయి. ప్లే స్టోర్ బయటినుంచి వచ్చిన అలాంటి ఫైలు తరచుగా అడిగేది యాక్సెసిబిలిటీ పర్మిషన్. అది ఇచ్చావంటే తెర మీద కనబడేదంతా దానికి చూపినట్టే, తెర మీద నొక్కే హక్కు కూడా రాసిచ్చినట్టే. ఎదుటివాడి తల కనబడుతుందని నీ ఇంటి బీరువా తాళం టెలిగ్రామ్‌లో మనిషికి ఇస్తున్నావు. ఇప్పటికే ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. ముందు ఫోన్‌లో నెట్ ఆపి, నాన్నకు చెప్పు. తిడతాడు, తిట్టనీ. డబ్బు పోయిందని తెలిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

చౌకగా యూసీ, అంటే ఆటలో చెల్లే డబ్బు, ఇస్తానని నీ లాగిన్ అడిగేవాడూ ఆ సంతలోవాడే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2021 చివరినుంచి బీజీఎంఐలో తొండి దొరికితే ఐడీ ఒక్కటే కాదు, ఆ ఫోన్‌నే బ్యాన్ చేయడం మొదలుపెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో ఫోన్ కొనేటప్పుడు కెమెరా, బ్యాటరీ చూస్తావు కదా, ఆట ఒకసారి తెరిచి చూడు. ఎవడో చేసిన పాపం పెట్టెతో సహా నీ ఇంటికి వస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో ఫీజు కట్టి ఆడే రూములున్నాయే, కిల్లుకు ఇంత అని, వాటి జోలికి పోవద్దు. డబ్బు పెట్టినచోట తొండి పది రెట్లు. పైగా డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడకుండా. గుర్తింపు ఉన్న ఈ-స్పోర్ట్స్ దారి వేరు.

ఆ దారిలో పోవాలనుకుంటే ఒక కథ తెలియాలి. 2018 అక్టోబరులో షాంఘైలో ఆసియా జట్లకు కౌంటర్ స్ట్రైక్ పోటీ జరిగింది. మన దేశం నుంచి ఆప్టిక్ ఇండియా జట్టు వెళ్ళింది. అమెరికా సంస్థ డబ్బు పెట్టి నిలబెట్టిన జట్టు. ఎన్నో ఏళ్ళుగా సొంత ఖర్చుతో ఆడిన కుర్రాళ్ళకు దొరికిన మొదటి పెద్ద అవకాశం. మ్యాచ్ మధ్యలో అనుమానం వచ్చి నిర్వాహకులు ఒక ఆటగాడి కంప్యూటర్ చూశారు. వాడు గబగబా దేన్నో చెరిపేయబోయాడు. దొరికింది ‘వర్డ్’ అని పేరు పెట్టి దాచిన ఎయిమ్ చీట్. ఆటలో అతని పేరు ఫర్‌సేకెన్. ఐదేళ్ళ నిషేధం పడింది. అది అతని లెక్క. మరి మిగిలిన నలుగురి సంగతి? ఏ తప్పూ చేయని వాళ్ళ జట్టు కూడా మూతపడింది. ఇండియా వాళ్ళంటే ‘వర్డ్’ ఫైలు అని లోకమంతా మీమ్స్ వేసి నవ్వింది.

ఆ కథలో నన్ను పట్టి ఉంచేది మోసం కాదు, ఆ కుర్రాడికి ఆట వచ్చు అన్న సంగతి. రానివాడు అంతదాకా పోలేడు. వచ్చినవాడు, ఎక్కడో ఒక ఓటమి తర్వాత, ఈ ఒక్క మెట్టుకు ఊతకర్ర పట్టుకుందామనుకుని ఉంటాడని నా ఊహ. ఊతకర్ర పట్టుకున్న చేతికి సొంత గురి ఎంతో ఇక ఎప్పటికీ తెలియదు. గెలిచినా తనదో కాదో తెలియని గెలుపు అది.

నోరు

మా హిందూపురం సరిహద్దు ఊరు. గౌరిబిదనూరు నుంచి కూరగాయలూ వస్తాయి, కోడళ్ళూ వస్తారు. సగం మందికి కన్నడ వచ్చు. ఇది ఆటలో పెద్ద ఆస్తి. రాండమ్ స్క్వాడ్‌లో ఒకడు తుమకూరు, ఒకడు చెన్నై, ఒకడు పాట్నా, ఒకడు మనవాడు. ఎవడో నాక్ అయి కింద పడ్డాక భాష మీదా, ఊరి మీదా, అమ్మ మీదా బూతులు మొదలవుతాయి. ఒకరోజు మావాడు విసుగెత్తి కన్నడలో "బాప్పా గురూ, రివైవ్ మాడ్తీని" అన్నాడు. రారా గురూ, లేపుతాను అని. అవతలివాడు రెండు నిమిషాలు నోరు మూశాడు. ఆ తర్వాత తన దగ్గరున్న ఆరెక్స్ స్కోపు ఇచ్చాడు. ప్రతిసారీ ఇలా జరుగుతుందని చెప్పను. చాలాసార్లు మ్యూటే మందు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మా చుట్టాలమ్మాయి ఒకతి ధర్మవరంలో ఉంది, మావాడికంటే రెండింతలు బాగా ఆడుతుంది. ఎన్నడూ మైకు తెరవదు. గొంతు వినబడిన మరుక్షణం ఒకడు నంబరు అడుగుతాడు, ఇంకొకడు వంటింటికి పొమ్మంటాడు, మూడోవాడు చెప్పరానిది చెప్తాడు. మైకు లేకుండా స్క్వాడ్ ఆడటమంటే కళ్ళకు గంత కట్టుకుని కబడ్డీ ఆడినట్టు. నువ్వు ఆ స్క్వాడ్‌లో నాలుగోవాడివైతే నీ పని చిన్నది: "ఆట ఆడప్పా" అను. రెండు మాటలు. వీరుడివి కానక్కర్లేదు, ఆ పిల్లను కాపాడానని తర్వాత ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టనూ అక్కర్లేదు. మ్యాచ్ అయ్యాక తిట్టినవాణ్ణి రిపోర్ట్ చెయ్యి. రిపోర్టులో ‘చీటింగ్’ కాదు, ‘దుర్భాష’ అన్న గడి నొక్కు. బూతులు తిట్టినవాణ్ణి హ్యాకరని రిపోర్ట్ చేస్తే అది కూడా తొండే. వెతికేవాళ్ళు చీటు కోసం వెతికి, దొరకక వదిలేస్తారు.

పెద్దవాళ్ళు ఈ పేజీ చదువుతుంటే మీకో మాట. ‘ఎంతసేపు ఆడావు’ అని రోజూ అడుగుతున్నారు. వారానికి ఒకసారి ‘ఎలా చచ్చావు’ అని అడిగి చూడండి. పిల్లవాడు అరగంట చెబుతాడు. ఆ అరగంటలో వాడు ఎవరితో ఆడుతున్నాడో, ఎవరు ఏమంటున్నారో, డబ్బుల మాట ఎక్కడైనా వస్తోందో మీకు తెలిసిపోతుంది. ఫోన్ లాక్కుంటే ఇవేవీ తెలియవు.

పోగు తెగినప్పుడు

ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసే ఒక పెద్దాయన నాకు తెలుసు. ఆయన మనవడు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడతాడు, మగ్గం పక్కనే గోడకు ఆనుకుని. తాత నాడె విసురుతుంటాడు, మనవడు గ్రెనేడ్ విసురుతుంటాడు.

పెద్దాయన తగాదా మరమగ్గాలతో. 1985లో వచ్చిన చట్టం ప్రకారం కొన్ని రకాల బట్టలు చేనేత మగ్గం మీదే నేయాలి. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. జరీ అంచు పట్టుచీరల లాంటివి మరమగ్గం మీద దింపి చేనేత అని అమ్మేస్తున్నారని ఆ ఊళ్ళో ఎప్పటినుంచో పోరాటం ఉంది. "మరమగ్గం చీరను మరమగ్గం చీర అనే అమ్మితే నాకేం సామీ" అంటాడాయన. కోపం యంత్రం మీద కాదు, పేరు మీద. తొండి చీర నాలుగు చేతులు మారాక, కొనేవాళ్ళు అసలు చీరను కూడా అనుమానంగా తిరగేసి చూస్తున్నారట. ఆటలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. పదిమంది హ్యాకర్లు చేరాక, పదేళ్ళు సాధన చేసినవాడి హెడ్‌షాట్‌ను కూడా ఎవరూ నమ్మడం లేదు.

పట్టా కాదా అని అనుమానం వస్తే ఆయన వాదించడు. అంచులోంచి ఒక పోగు లాగి వెలిగిస్తాడు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టిగా ముద్ద కడుతుంది. ఆటలో ఆ అగ్గిపుల్ల నీకు రీప్లే. చంపినవాణ్ణి ఒక నిమిషం స్పెక్టేట్ చెయ్యి. వాడి తుపాకీ కనబడని మనుషుల వెంట గోడల మీద తిరుగుతోందా? చప్పుడు చేయనివాడు ఎక్కడున్నాడో కూడా వాడికి ముందే తెలుస్తోందా? దూరం ఎంతైనా ఒక్క గుండు కూడా పక్కకు పోవడం లేదా? ముద్ద కట్టిందంటే రిపోర్ట్ కొట్టి, మరిచిపో. బూడిదైతే వాడు నిన్ను ఎలా చూశాడో నేర్చుకో.

రోజుకు పోగులు ఎన్నిసార్లు తెగుతాయని ఒకసారి అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "తెగితే ముడేస్తా. లెక్కపెట్టుకుంటా కూచుంటే చీర కోసేదెప్పుడు?" మాట్లాడుతుండగానే ఒకటి తెగింది. కాలు ఆగింది, ఒంగి రెండు కొసలూ వేళ్ళతో వెతికి పట్టుకుని మెలిపెట్టాడు, మళ్ళీ నాడె కదిలింది. ఫోన్‌లో చూసుకున్నాను, అర నిమిషం కూడా పట్టలేదు.

మా మేనల్లుడికి నేను పెట్టిన పద్ధతి అక్కడినుంచి ఎత్తుకొచ్చిందే. చావగానే బొటనవేలు మైకు మీదికి పోవాలి, తెరవడానికి కాదు, మూయడానికి. తర్వాత ఎంత తిట్టుకున్నా సరే, దేవుడు కూడా ఏమనడు. తర్వాత రీప్లే, ఒకే ఒక్క ప్రశ్నతో: నన్ను ఎలా చూశాడు? జవాబు ఒక్క మాటలో చిన్న నోట్‌బుక్కులో రాయాలి. అడుగులు, మైదానం, రీలోడ్, నెట్, హ్యాక్, ఏదైతే అది. వరసగా మూడుసార్లు ఒకే మాట వస్తే ఆ రాత్రికి ఆట బంద్. స్క్వాడ్‌లో ఎవరైనా ఇంకా బతికుంటే బయటికి పోకూడదు, వాళ్ళకు కళ్ళుగా ఉండాలి. మొదటి వారం నోట్‌బుక్కు నిండా ‘హ్యాక్’ అనే ఉంది. నేను దిద్దలేదు.

పోయిన నెల ఇద్దరం ధర్మవరంలో పెళ్ళికి పోయి రైల్లో తిరిగి వస్తున్నాం. పెనుకొండ స్టేషన్‌లో కియా కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కుర్రాళ్ళు ముగ్గురు ఎక్కారు. కూర్చున్న వెంటనే ఫోన్లు తీశారు. పది నిమిషాల్లో మావాడు వాళ్ళతో స్క్వాడ్ కట్టాడు. బండి కొండల మధ్యకు వచ్చేసరికి సిగ్నల్ ఊగులాడుతోంది. మావాడు చచ్చాడు. నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. బొటనవేలితో మైకు మూసి, కిటికీ వైపు తిరిగి, అచ్చు వేయలేని మాటలు కొన్ని చెప్పుకున్నాడు. తర్వాత రీప్లే చూశాడు, రెండుసార్లు. జేబులోంచి నోట్‌బుక్కు తీసి రాసి, చేత్తో మూశాడు.

"ఏం రాసినావురా?"

"నీకెందుకు మామా."

హిందూపురంలో దిగి ఆటో కోసం నిలబడినప్పుడు వాడి పై జేబులోంచి ఆ పేజీ బయటికి కనబడింది. ‘నెట్’ అని రాసి కొట్టేసి ఉంది. పక్కన ‘అడుగులు’ అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, ‘కానీ నెట్ కూడా’.